కెలెరా కనుబొమ్మలు

"ఆ పిల్ల నోరు తెరవదు. నోరు తెరవకపోతే ఉద్యోగం ఇవ్వరు. ఉద్యోగం రాకపోతే సోమవారం ఓడెక్కుతుంది. ఓడ నడిసముద్రంలో ఆగిపోతుంది. అప్పుడేం చేస్తావయ్యా?" అంది మకెరెటా, కొబ్బరి కోరుతూ.

భర్త ఇనోకె గట్టి బిస్కట్టుని టీలో ముంచి, అది విరిగి కప్పులో పడేలోపల నోట్లోకి చేర్చే పనిలో ఉన్నాడు. ఆ పని క్షేమంగా ముగిశాక, "ఓడ ఇంకా రేవులోనే ఉంది కదే," అన్నాడు.

"రేవులో ఉన్నవే మునుగుతాయి. మునిగినవాటికి రేవెక్కడిది?"

ఇనోకె దీనికి జవాబు వెతకలేదు. పెళ్ళయిన కొత్తలో వెతికేవాడు.

మకెరెటాకి భయపడడానికి కారణం అక్కర్లేదు, తీరిక ఉంటే చాలు. వాన పడితే రేవా నది ఇంట్లోకి వస్తుందని భయం. పడకపోతే పెరట్లో కర్రపెండలం ఎండిపోతుందని భయం. ఫోన్ మోగితే ఎవరు పోయారోనని గుండె పట్టుకుంటుంది. నాలుగు రోజులు మోగకపోతే, పోయిన కబురు చెప్పడానికైనా ఎవరూ మిగల్లేదేమోనని పట్టుకుంటుంది. బస్సు నౌసోరి వంతెన దాటేటప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుని, డ్రైవరు కూడా మూసుకున్నాడేమోనని మధ్యలో ఒకసారి తెరిచి చూస్తుంది.

అలాంటి మనిషికి ఈసారి నిజంగానే ఒక కారణం దొరికింది. దాని పేరు లుసియానా.

లుసియానా ఇనోకెకి అక్క. సముద్రం అవతలి దీవిలో, లబాసాలో, చక్కెర మిల్లు పక్కన ఆవిడకి చిన్న కొట్టుంది. చుట్టాలందరూ ఆవిణ్ణి లౌడ్‌స్పీకర్ లుసియానా అంటారు. ఆవిడ మాట్లాడితే లబాసాకీ నౌసోరికీ మధ్య ఫోన్ ఖర్చు దండగని ఇనోకె అభిప్రాయం. చదువయిపోయి ఇంట్లో కూచున్న మేనకోడలు కెలెరాని తన కొట్లోకి పంపమని ఆవిడ అడగలేదు. ఏకంగా సోమవారం ఓడకి టికెట్టు కొని పంపించేసింది.

సరిగ్గా అప్పుడే నౌసోరి బజారులో హిమ్‌సాగర్ ఫ్రీజర్ల కొట్టువాళ్ళు, సరుకు అమ్మే ఉద్యోగానికి ఇంటర్వ్యూకి రమ్మని కెలెరాకి కబురు పెట్టారు. ఇంటి నుంచి ఒక్క బస్సు దూరం. ఆ ఉద్యోగం వస్తే టికెట్టు వాపసు చేసెయ్యడమేనని మకెరెటా ప్రకటించింది. ఎవరూ కాదనలేదు కాబట్టి అందరూ ఒప్పుకున్నట్టే లెక్క అనుకుంది.

చిక్కల్లా కెలెరాతోనే. ఆ పిల్లకి నోరుంది. తినడానికి వాడుతుంది, ఆదివారం చర్చిలో పాడడానికి వాడుతుంది. మాట్లాడడానికి మాత్రం కనుబొమ్మలున్నాయి కదా అని ఊరుకుంటుంది. ఔననాలంటే రెండు కనుబొమ్మలూ ఒక్కసారి పైకి లేపి దించుతుంది. ఈ దీవుల్లో అందరూ చేసేదే అది. కాని అందరూ మధ్యమధ్య నోటితో కూడా ఔనంటారు. ఇక కాదనడానికి కెలెరా దగ్గర ఏ ఏర్పాటూ లేదు. పుట్టి పెరిగాక ఇంతవరకూ ఆ అవసరం రాలేదు.

"ఇది మీ వంశం జబ్బు," అంది మకెరెటా కొబ్బరి చిప్ప మార్చి. "మన పెళ్ళిలో పాస్టరుగారు, ఈమెను భార్యగా స్వీకరిస్తావా అని అడిగితే కనుబొమ్మలు లేపావు. ఆయన పుస్తకంలోకి చూస్తున్నాడు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ లేపావు. నీకు ఇష్టం లేదనుకుని మా అమ్మ అక్కడే కూలబడిపోయింది."

"నేను రెండుసార్లు ఒప్పుకున్నాను. నువ్వు ఒక్కసారే ఒప్పుకున్నావు. గుర్తుపెట్టుకో," అన్నాడు ఇనోకె.

అంతలో కెలెరా ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుని, నడుముకి నల్ల సులు గుడ్డ చుట్టుకుని బయటికి వచ్చింది. మకెరెటా చేతులు తుడుచుకుని, మందుల డబ్బాలోంచి ప్లాస్టర్ తీసి కూతురి నుదుటి మీద అడ్డంగా అంటించింది.

"కనుబొమ్మలు లేపబోతే చర్మం లాగుతుంది. లాగగానే గుర్తొస్తుంది. అప్పుడు నోరు తెరిచి, ఔనండీ అను. అర్థమైందా?"

ప్లాస్టరు మధ్యలో చిన్న ముడత పడింది. నోరు మాత్రం తెరుచుకోలేదు.

*

సాయంత్రం కెలెరా బస్సు దిగి వచ్చేసరికి మకెరెటా గేటు దగ్గరే ఉంది. మధ్యాహ్నం నుంచీ అక్కడే ఉంది.

కెలెరా నోటి నుంచి సంగతి రాబట్టాలంటే ఒక పద్ధతుంది. ఔనని జవాబొచ్చే ప్రశ్నలు వెతుక్కుంటూ పోవాలి. కనుబొమ్మలు లేస్తే ఔను. లేవకపోతే ఇంకో ప్రశ్న.

"నిన్నొక్కదాన్నే పిలిచారా?"

కదలిక లేదు.

"చాలామంది వచ్చారా?"

లేచాయి.

"టైలు కట్టుకుని వచ్చారా?"

లేచాయి.

"అయిపోయింది మన పని," అంది మకెరెటా. "ఆ ప్లాస్టరేమిటని అడిగారా?"

లేచాయి.

"దెబ్బ తగిలిందా అన్నారా?" లేచాయి. "నువ్వు ఔనన్నావా?" లేచాయి.

"అబద్ధంతో మొదలైందన్నమాట," అన్నాడు వెనక నుంచి ఇనోకె.

"నువ్వుండు. ఏదైనా అమ్మి చూపించమన్నారా?"

లేచాయి.

"అమ్మావా?"

కదలిక లేదు. కన్నతల్లి గనక తర్వాతి ప్రశ్న మకెరెటాకి దానంతటదే తెలిసిపోయింది.

"ఇచ్చేశావా?"

లేచాయి.

జరిగింది ఇది. హిమ్‌సాగర్ మేనేజరమ్మ పేరు సుభాగ్వతి. నవ్వని మనిషి. కొట్లో పనివాళ్ళు చాటుగా ఆవిణ్ణి 'మైనస్ పద్దెనిమిది' అంటారు; పెద్ద ఫ్రీజర్లలో చలి అంకె అది. ఆవిడ ఇంటర్వ్యూకి వచ్చిన ఒక్కొక్కరినీ, "నువ్వు కూచున్న కుర్చీ నాకు కావాలి. నాకు అమ్ము," అంది. టై కట్టుకున్న అశ్నీల్ అనే కుర్రాడు కుర్చీ కాళ్ళ దగ్గర మొదలుపెట్టి, టేకు చెట్టు పుట్టుక దాకా వెళ్ళి, తిరిగొచ్చేసరికి చెమటకి టై రంగు మారింది. ఇంకొక అమ్మాయి మొదటి వాక్యంలోనే ఏడ్చేసింది. కెలెరా లేచి నిలబడి, కుర్చీని చేత్తో తుడిచి, మేనేజరమ్మ ముందు పెట్టింది. పెద్దావిడ, నోరు తెరిచి కావాలని అడిగింది. మరి ఇవ్వక ఏం చేస్తుంది.

"పొమ్మన్నారా?" అంది మకెరెటా నీరసంగా.

ఇక్కడ కెలెరా మాట్లాడింది. "శనివారం కొట్లో నిలబడమన్నారు. నన్నూ అశ్నీల్‌నీ. ఎవరు బాగా అమ్మితే వాళ్ళకి ఉద్యోగం."

ఇన్ని మాటలు ఒక్కసారి ఖర్చు పెట్టాక ఆ పిల్ల లోపలికి పోయి పడుకుంది. ఇనోకె టీ గ్లాసు పట్టుకుని దాని వెనకే వెళ్ళి, కాసేపు ఏదో అడిగి, వచ్చి మళ్ళీ బిస్కట్ల దగ్గర కూచున్నాడు. మకెరెటా అది గమనించలేదు. అప్పటికే ఆమె బుర్రలో ఒక పథకం పొయ్యి మీదికి ఎక్కింది.

*

పథకం చాలా తేలిక. కెలెరా అమ్మలేదు. అమ్మలేని మనిషి దగ్గర కూడా కొనేవాళ్ళని పంపిస్తే సరి. అలాంటివాళ్ళని ఎక్కడో వెతకక్కర్లేదు. చుట్టాలున్నారు.

"నిజంగా కొనక్కర్లేదు," అని భర్తకి వివరించింది. "వస్తారు, చూస్తారు, ధర అడుగుతారు, తీసుకుంటాం అంటారు, డబ్బు బుధవారం తెస్తాం అంటారు. ఆ లోపల దీనికి ఉద్యోగం కాయితం చేతికొస్తుంది."

"బుధవారం?"

"బుధవారానికి ఏదో ఒక తుఫాను రాకపోదు."

ఇనోకె బిస్కట్టు ముంచడం ఆపాడు. అంటే విషయం తీవ్రమైనదన్నమాట. "మకెరెటా, మనవాళ్ళకి అడగడం వచ్చు, కొనడం రాదు. దానికి ఇవ్వడం వచ్చు, అమ్మడం రాదు. నువ్వు ఈ రెండు పార్టీలనీ తీసుకెళ్ళి ఒకే కొట్లో పెడుతున్నావు."

"నీకు ప్రతిదానికీ భయమే," అంది మకెరెటా.

ఈ మాట ఆమె నోటి నుంచి విని ఇనోకె గట్టి బిస్కట్టుని ముంచకుండానే కొరికేశాడు.

చుట్టాల సేనకి నాయకుడు మకెరెటా అన్నయ్య వైసలె. ఆయన్ని అందరూ 'బాగుందే' వైసలె అంటారు. చుట్టం కెరెకెరె, అంటే ఇచ్చెయ్యవా అని నోరు తెరిచి అడిగాక లేదనడం ఈ ఊళ్ళల్లో లేదు. వైసలె అంత దూరం కూడా వెళ్ళడు. వస్తువు వైపు చూసి, "బాగుందే," అంటాడు. అంతే. ఆ వస్తువు ఆయన ఇంటికి నడిచి వెళుతుంది. ఆయన వస్తున్నాడని తెలిస్తే జనం కొత్త చొక్కాలు విప్పేసి పాతవి తొడుక్కుంటారు.

శుక్రవారం మకెరెటా పెరట్లో రిహార్సల్ పెట్టింది. ఒక పెద్ద గిన్నెడు కూర వండి, వచ్చిన ప్రతివాళ్ళకీ కర్రపెండలంతో పెట్టి, బట్టల పెట్టెని మధ్యలో ఉంచింది.

"ఇది ఫ్రీజరు. నేను కెలెరాని. అన్నయ్యా, రా. ధర అడుగు."

వైసలె పెట్టె చుట్టూ తిరిగాడు. "ఎంత?" అనాల్సిన నోటికి అలవాటైన మాటే వచ్చింది. "బాగుందే."

"అలా అనకూడదు. కొంటున్నట్టు అడుగు."

"చెల్లెలి కూతుర్ని పట్టుకుని ధర అడిగితే ఏం బాగుంటుందే? నలుగురూ వింటే మన ఇంట్లో కొనుక్కుంటున్నాడు అనుకోరూ?"

"అందరూ వినాలనే కదా అడగమంటున్నది."

ఆయన భార్య టిటిలియా పెట్టెని జానలతో కొలుస్తోంది. "ఇది మా వంటింట్లో తలుపు వెనక పడుతుంది," అంది.

"వదినా, అది బట్టల పెట్టె."

"అయితే పడకగదిలో పడుతుంది."

మొత్తానికి వరసగా అందరి చేతా "ఎంత?" అనిపించింది. పాఠం వచ్చేసిందని తృప్తిపడి పంపించేసింది. వాళ్ళు వెళ్ళాక టీ పెడదామని చూస్తే కెటిల్ లేదు.

"ఎప్పుడన్నాడు?" అంది.

"నువ్వు కూర వడ్డిస్తున్నప్పుడు. మెల్లిగా అన్నాడు," అన్నాడు ఇనోకె.

*

శనివారం ఉదయం మకెరెటా హిమ్‌సాగర్‌లో నిలువు ఫ్రిజ్‌ల వరస వెనక, గొడుగు తెరిచి పట్టుకుని నిలబడి ఉంది. తను రానని కూతురికి మాటిచ్చింది. అందుకే దాక్కుంది. పక్కన ఇనోకె, రొట్టె పొట్లం విప్పుకుంటూ ఉన్నాడు.

"నువ్వెందుకొచ్చావు?"

"ఇంట్లో కెటిల్ లేదు."

కొట్టు నిండుగా ఉంది. అశ్నీల్ కొత్త టైతో, గుమ్మంలోనే ఒక చేపలమ్మే ఆవిణ్ణి పట్టుకుని, ఫ్రీజర్ లోపలి దీపం గురించి చెప్పుకుంటూ ఫ్యాన్ల దాకా వెంటపడ్డాడు. ఆవిడ ఫ్యాన్ల వెనక నుంచి చుట్టు తిరిగి పారిపోయి, వచ్చి కెలెరా పక్కన నిలబడి ఊపిరి పీల్చుకుంది. కెలెరా ఫ్రీజర్ మూత ఎత్తి పట్టుకుంది. ఆవిడ లోపలికి తొంగి చూసింది. ఇద్దరూ అలా మాటా పలుకూ లేకుండా చూస్తూ నిలబడ్డారు.

"చూశావా, నోరు తెరవదు," అని గొడుగు కింద గొణిగింది మకెరెటా.

అప్పుడు బయట వ్యాను ఆగింది.

ఆమె పిలిచింది కొద్దిమందిని. వ్యానులోంచి దిగుతూనే ఉన్నారు. పిల్ల ఉద్యోగం సంగతి అని తెలిశాక ఇంట్లో కూచోవడం మర్యాద కాదని, అందరూ ఆదివారం బట్టల్లో వచ్చారు. ఉత్త చేతుల్తో ఒకరి గడప తొక్కడం ఏం బాగుంటుందని వైసలె పెద్దలకి కానుకగా ఇచ్చే యంగోనా వేళ్ళ కట్ట న్యూస్‌పేపర్లో చుట్టి తెచ్చి, కొట్టు మధ్యలో నేల మీద కూచుని, మేనేజరమ్మకి సమర్పించి, మా పిల్లని చల్లగా చూడమని ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ఫ్రీజర్ల కొట్లో ఆ మాట బాగానే అతికింది.

సుభాగ్వతి కూడా ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషే. ముఖంలో ఏ మార్పూ లేకుండా వంగి, అరచేతులు గుంతగా చేసి మూడుసార్లు చప్పట్లు కొట్టి, కట్ట అందుకుంది. "కొనడానికే వచ్చారా?" అంది.

"కొనడానికే," అంది చుట్టాల గుంపు ముక్తకంఠంతో. ఆ ముక్క బాగా వచ్చింది.

వైసలె లేచి అన్నిటికంటే పెద్ద ఫ్రీజర్ దగ్గరికి నడిచాడు. మకెరెటా, ఎంత, ఎంత అను అని పెదాలు కదిపింది.

వైసలె మూత మీద చెయ్యి వేశాడు. మూత చల్లగా తగిలింది. పాఠం మర్చిపోయాడు.

"బాగుందే," అన్నాడు.

కెలెరా కనుబొమ్మలు లేచాయి.

"ఇది మా వంటింటి తలుపు వెనక పడుతుంది," అంది టిటిలియా పక్కదాని మీద జాన వేసి. "తీసుకోనా అమ్మా?"

లేచాయి.

ఆ తర్వాత వరస ఆగలేదు. ప్రతివాళ్ళూ ఏదో ఒకటి చూపించారు. ప్రతిసారీ కనుబొమ్మలు లేచి దిగాయి. కొట్టు పనివాళ్ళు అమ్ముడుపోయినట్టు ఎర్ర చీటీలు అంటిస్తూ పరిగెత్తారు. అశ్నీల్ మాట్లాడడం ఆపేశాడు. అతను పుట్టాక ఇదే మొదటిసారి అయి ఉంటుంది. గొడుగు కింద మకెరెటా భర్త చెయ్యి పట్టుకుని, "చూశావా? ఎవరన్నారు చుట్టాలకి కొనడం రాదని?" అంది.

వైసలె పనివాణ్ణి పిలిచి, "వ్యానులోకి ఎక్కించు నాయనా," అన్నాడు.

"డబ్బు కౌంటర్లో కట్టాలండి."

"డబ్బేమిటి? మా మేనకోడలు ఇచ్చింది."

సుభాగ్వతి మెల్లిగా నడిచి వచ్చింది. "మరి డబ్బెప్పుడు కడతారు?" అంది.

"బుధవారం అనమని రిహార్సల్లో చెప్పారండి. అది ఉత్తదే," అన్నాడు వైసలె నిజాయితీగా.

"కెలెరా. ఈ ఫ్రీజర్లన్నీ నువ్వు వీళ్ళకి ఇచ్చేశావా?"

కనుబొమ్మలు లేచాయి.

ఇక మకెరెటా గొడుగుతో సహా బయటికి వచ్చేసింది. సగం కూడా ముయ్యని ఆ గొడుగు రెండు ఎర్ర చీటీలు పీకేసింది. "అన్నయ్యా, వద్దు. తీసుకోకు. ఇది కొంప ముంచే వస్తువు," అంది.

"బాగుంది కదే."

"ఏం బాగుంది? తుఫానుకి కరెంటు పోతుంది. వారం రాదు. లోపల చేప కుళ్ళుతుంది. వాసనకి నువ్వు ఇల్లు వదలాలి. కరెంటు ఉంటే మరీ ఘోరం. ఇంట్లో ఫ్రీజరుందని తెలిస్తే ఊరు ఊరంతా నీ గడపలో ఉంటుంది. ఒకడు ఐసుకి వస్తాడు. ఒకడు తన చేపలు దాచమంటాడు. సాయంత్రం ఇంకొకడొచ్చి ఆ చేపలే బాగున్నాయే అంటాడు. కెరెకెరె అంటే లేదంటావా? అనగలవా? నువ్వు కొన్న చేప నువ్వు తినగలవా? నీలాంటివాడు నీ ఇంటికి వస్తే నీ గతేమిటి?"

వైసలె ముఖంలో రంగు పోయింది. తనలాంటివాడు తన ఇంటికి రావడమనే సంగతి ఆయనకి ఇంతవరకూ తట్టలేదు. మూత మీది నుంచి చెయ్యి తీసేశాడు. టిటిలియా జాన ముడుచుకుంది. ఒక్కొక్కరే ఎర్ర చీటీలు పీకి పనివాళ్ళ చేతుల్లో పెట్టారు.

అంతటితో ఆగితే బాగుండేది. కాని కొట్లో ఉన్న అసలు కొనుగోలుదార్లు కూడా విన్నారు. వాళ్ళకీ చుట్టాలున్నారు. చేపలమ్మే ఆవిడ తెరిచిన సంచీ మూసేసింది. ఎవరో పెద్దాయన, కౌంటర్లో కట్టబోతున్న డబ్బు తిరిగి జేబులో పెట్టుకుని గుమ్మం వైపు నడిచాడు. అశ్నీల్ అడ్డం వెళ్ళి లోపలి దీపం గురించి మొదలుపెట్టబోతే, ఆయన అతన్ని పక్కకి జరిపాడు.

"అమ్మా," అంది సుభాగ్వతి, "ఇన్నేళ్ళలో ఇన్ని ఫ్రీజర్లు ఇంత తొందరగా అమ్ముడుపోకుండా చేసిన మనిషిని నేను చూడలేదు. మీరెవరు?"

మకెరెటా గొడుగు వంక చూసింది. గొడుగు ఏమీ సాయం చెయ్యలేదు. ఓడ రేవులో కూత వేస్తున్నట్టు ఆమె చెవుల్లో వినపడింది.

అప్పుడు ఎవరో, "తాళం ఉన్నది తీసుకోండి," అన్నారు.

అందరూ వెనక్కి తిరిగారు. అన్నది కెలెరా. గోడవార ఉన్న ఫ్రీజర్ల దగ్గరికి వెళ్ళి, ఒకదాని మూతకి ఉన్న తాళంలోంచి చెవి తీసి, మామయ్య అరచేతిలో పెట్టింది.

"ఎవరైనా అడిగితే లేదనక్కర్లేదు మామయ్యా. ఇస్తాననే అను. తాళంచెవి అత్తయ్య దగ్గరుంది, అత్తయ్య ఊళ్ళో లేదు అను."

వైసలె తాళంచెవి వంక చూశాడు. "మీ అత్తయ్య ఊళ్ళోనే ఉంటే?"

"నేను ఊళ్ళో ఉండను," అంది టిటిలియా, తాళంచెవి లాక్కుని. "ఈ పూట నుంచి ఎప్పుడూ ఉండను."

కెలెరా మూత ఎత్తి పట్టుకుని ఊరికే నిలబడింది. ఎవరినీ కాదనలేని మనిషికి ఏ వస్తువు కావాలో ఆ కొట్లో ఆ పిల్లకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. మామయ్య చూపు తాళం మీద ఆగినప్పుడు, కనుబొమ్మలు ఒక్కసారి లేపింది.

వైసలె నేల మీద కూచుని బూటు విప్పాడు. మేజోడులోంచి డబ్బు తీశాడు. తన దగ్గర డబ్బుందని ఎవరికీ తెలియకుండా చూసుకోవడం ఆయన జీవితంలో సగం పని. మిగతా చుట్టాలు కూడా ఒకరి వైపు ఒకరు చూడకుండా, తలో మూలకి తిరిగి, రవికల్లోంచీ టోపీల్లోంచీ తీశారు. చేపలమ్మే ఆవిడ మళ్ళీ సంచీ తెరిచింది. గుమ్మం దాకా వెళ్ళిన పెద్దాయన వెనక్కి వచ్చి, "మా ఆవిడకి తాళంచెవులు రెండిస్తారా? ఒకటి పారేసుకున్నట్టు చెప్పాలి," అన్నాడు.

మధ్యాహ్నానికి గోడవార ఒక్కటీ మిగల్లేదు. అశ్నీల్ టై విప్పి, పనివాళ్ళకి వ్యానులోకి ఎక్కించడంలో సాయం చేశాడు.

*

"ఉద్యోగం కెలెరాదే," అంది సుభాగ్వతి. మైనస్ పద్దెనిమిది కాస్త కరిగి మైనస్ పదికి వచ్చినట్టుంది. "సోమవారం ఓడకి టికెట్టు ఉందన్నావు కదూ?"

కెలెరా కనుబొమ్మలు లేచాయి.

కూతురి నుదుటి మీద ముద్దు పెట్టబోతున్న మకెరెటా అలాగే ఆగిపోయింది. "ఓడ ఎందుకండీ? ఇంక ఓడతో పనేముంది? టికెట్టు వాపసు ఇచ్చేస్తున్నాం."

"లబాసాకి ఓడ కాక బస్సుంటుందా?" అంది సుభాగ్వతి. "అక్కడ కొత్త కొట్టు తెరుస్తున్నాం. ఉద్యోగం అక్కడే. ఇంటర్వ్యూలో మొట్టమొదట అడిగిందే అది. ఉండడానికి మేనత్త ఇల్లుందా అంటే ఔనంది. ఇంట్లో చెప్పలేదా?"

మకెరెటా మెల్లిగా కూతురి వైపు తిరిగింది. "నాకెందుకు చెప్పలేదే?"

"అన్నీ అడిగావు. ఇది అడగలేదమ్మా," అంది కెలెరా.

"నేనడిగాను," అన్నాడు ఇనోకె, రొట్టె పొట్లం కాయితం మడత పెడుతూ.

"నువ్వు నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు నన్నూ అడగలేదు. అప్పటికే పథకం వండుతున్నావు."

మకెరెటా అక్కడున్న స్టూలు మీద కూలబడింది. పథకం మొత్తం, కూరతో సహా, కెటిల్‌తో సహా, చుట్టాల వ్యానుతో సహా, కళ్ళ ముందు తిరిగింది. ఓడ ఎక్కకుండా ఆపుదామని వంటిల్లు ఊడ్చిపెట్టి, సొంత డబ్బుతో కూతుర్ని రేవు దాకా తోసుకుంటూ తీసుకొచ్చింది తనే. లౌడ్‌స్పీకర్ లుసియానా ఒక్క టికెట్టే కొంది. మిగతా పనంతా ఈమే చేసి పెట్టింది.

కెలెరా వచ్చి తల్లి ఎదురుగా నిలబడింది.

"వెళ్ళనా అమ్మా?"

మకెరెటా వద్దంటే చాలు. ఒక్క మాట. ఈ పిల్ల ఎవరినీ కాదనలేదు, ఆమెని అసలు కాదనలేదు. ఉద్యోగం మేనేజరమ్మకి తిరిగి ఇచ్చేసి, ఇంటికొచ్చి పెండలం చెక్కు తీస్తుంది. ఆ సంగతి మకెరెటాకి తెలుసు. తెలుసని కెలెరాకీ తెలుసు. అయినా ఆ పిల్ల బతిమాలలేదు. ఇంకో మాట కలపలేదు. పొద్దుట్నుంచీ ఫ్రీజర్ల పక్కన ఎలా నిలబడిందో ఇప్పుడూ అలాగే నిలబడింది.

ఇనోకె భార్య వైపు చూశాడు. ఓడ గురించి, అల గురించి, లబాసా ఎండ గురించి, తన అక్క గొంతు గురించి ఒక గంటసేపు వినడానికి సిద్ధపడ్డాడు. చుట్టాలు కూడా సిద్ధపడ్డారు. మకెరెటా ఇలా మాట్లాడకుండా కూచోవడం వాళ్ళెవరూ చూడలేదు. వైసలెకి ఆమె చేతిలోని గొడుగు నచ్చింది, కాని ఆయన కూడా ఏమీ అనలేదు. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. బయట ఒక బస్సు వచ్చి ఆగి, ఎవరూ ఎక్కకపోవడంతో వెళ్ళిపోయింది. ఇంకో బస్సు కూడా వచ్చి వెళ్ళింది.

మకెరెటా గొడుగు మూసింది. దాని మడతలు ఒక్కొక్కటే సరిచేసి, పట్టీ చుట్టి, గుండీ పెట్టింది.

చివరికి తలెత్తింది. కూతురి ముఖంలోకి చూసింది. నోరు తెరవలేదు.

ఆమె కనుబొమ్మలు రెండూ ఒక్కసారి పైకి లేచి, దిగాయి.